స్కాట్లండు దర్శకుని చివరి చిత్రానికి నేను చేసిన అనువాదం

కెనడాలో టొరంటో పక్కనున్న ఏజాక్స్‌లో, మా వీధిలో మూడిళ్ల అవతల ఉండే ముసలాయన చలనచిత్ర దర్శకుడని నాకు తెలియడానికి రెండు శీతకాలాలు పట్టింది. అంతవరకు ఆయన నా కంటికి పార పట్టుకుని మంచు తోసే ఒక తెల్ల మనిషి మాత్రమే. తన వాకిలి ముగించి పొరుగు వాకిళ్లు కూడా తోసేవాడు. ఎవరైనా కృతజ్ఞత చెప్పబోతే ముఖం చిట్లించుకుని లోపలికి పోయేవాడు.

నేను అప్పటికి అయిదేళ్లుగా కూతురింట, నిక్కచ్చిగా చెప్పాలంటే అల్లుడింట, ఉంటున్నాను. భార్య పోయిన తరువాత వచ్చాను. నలభై యేళ్లు కళాశాలలో ప్రబంధాలు పాఠం చెప్పినవాడిని. ఆడపిల్ల ఇంట మంచినీళ్లు తాగడానికి కూడా సంకోచించిన తరంవాడిని. అటువంటివాడు అల్లుడింట మూడు పూటలా విస్తరి ముందు కూర్చుంటే అతని నాలుకకు ఒక వంకర వస్తుంది. నా నాలుకకు వచ్చిన వంకర ఒక మనిషి కడపటి పనిని ఎట్లా చెరిచిందో రాయడానికే ఈ నాలుగు పుటలు.

ఆయనతో పరిచయం ఒక వేసవి ఉదయాన కలిగింది. కిటికీ తెరిచి నా అలవాటు ప్రకారం పద్యాలు చదువుకుంటున్నాను. బయట టకటకమని చప్పుడు. చూస్తే ఆయన మా ఉత్తరాల పెట్టె మూత మీద వేలితో తాళం వేస్తూ నిలబడి ఉన్నాడు.

"ప్రతి వరుసలోనూ నువ్వు ఒకచోట కత్తిరిస్తున్నావు. ఆ కత్తెర ఎక్కడ పడుతుందో నాకు తెలుస్తోంది. భాష మాత్రం తెలియడం లేదు," అన్నాడు.

యతిస్థానాన్ని చెవితో పట్టిన శిష్యుడు నలభై యేళ్లలో నాకు ముగ్గురో నలుగురో దొరికారు. తెలుగు అక్షరం ఎరగని ఈ మనిషి ఒక్క ఉదయంలో పట్టాడు. ఏ పని చేశారని అడిగాను. "అదే పని. కత్తిరించి అతికించడం," అన్నాడు.

ఆయన గ్యారేజీలో కారుకు చోటు లేదు. గోడ పొడవునా రేకు డబ్బాలు, వాటిలో ఫిల్ము చుట్టలు. మధ్యలో రెండు కుర్చీలు, ఒక టీ కెటిల్. ఆ కుర్చీల్లో కూర్చుని ఆయన తన బ్రతుకు నాకు విడతలుగా చెప్పాడు.

గ్లాస్గో దిగువన క్లైడ్ నది ఒడ్డున, ఓడలు కట్టే ఊళ్లో పుట్టాడు. తండ్రి ఓడ రేకులకు రివెట్లు కొట్టేవాడు. ఆ మోతకు నలభై యేళ్లు నిండకుండానే ఆయనకు చెవులు పోయాయి. అందువల్ల ఇంట్లో ఎవరు ఏం చెప్పినా తండ్రి ముఖానికి ఎదురుగా నిలబడి, పెదవులు కనబడేట్లు చెప్పాలి. "ముఖం ఎట్లా చూడాలో నాకు మా నాన్న చెవుడు నేర్పింది," అనేవాడు.

పదిహేడో యేట చిత్రాలు తీసే ఒక బృందంలో పెట్టెలు మోయడానికి చేరాడు. పదేళ్ల తరువాత మొదటి చిత్రం తీసే అవకాశం వచ్చింది. ఉత్తరపు రేవుల్లో హెర్రింగ్ చేపల పొట్టలు కోసే ఆడవాళ్ల మీద చిన్న చిత్రం. కత్తికి తెగకుండా వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని, ఉప్పు పుండ్లతో, రోజంతా నిలబడి పనిచేసే స్త్రీలు. వాళ్లలో ఆయన పినతల్లి ఒకతె. వాళ్లు తమ యాసలో మేస్త్రీని తిట్టారు, ఒకరినొకరు ఎగతాళి చేసుకున్నారు, ఒకామె చచ్చిపోయిన బిడ్డ మాట చెప్పింది. అంతా ఆయన శబ్దంతో సహా పట్టుకున్నాడు.

లండన్‌లో ఉన్న నిర్మాత అది విని, ఈ మోటు మాటలు ఎవరికి అర్థమవుతాయన్నాడు. ఆడవాళ్ల గొంతులు తీసేయించి వాటి మీద ఒక పెద్దమనిషి గొంతు పెట్టించాడు. మృదువైన, చదువుకున్న గొంతు. సముద్రపు బిడ్డలు ఆడుతూ పాడుతూ పనిచేస్తున్నారని ఆ గొంతు చెప్పింది. తెర మీద పెదవులు మేస్త్రీని తిడుతున్నాయి. వినవచ్చేది వాళ్ల సంతోషం. ఆ చిత్రాన్ని రేవు ఊళ్లో వేసినప్పుడు ఆడవాళ్లు లేచి వెళ్లిపోయారు. పినతల్లి మరి ఆయనతో మాట్లాడనే లేదు. ఆయన చిత్రం మీద తన పేరు తీయించుకుని కెనడా ఓడ ఎక్కాడు.

ఇక్కడ ప్రభుత్వం వారి చిత్రాలు తీశాడు. గోధుమ పంట, జలవిద్యుత్తు, చలికి నీటి గొట్టాలు పగలకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు. ప్రతిదానిలోనూ వెనకనుంచి ఒక పెద్దమనిషి గొంతు. గని కార్మికుల మీద కథాచిత్రం ఒకటి తీస్తే వారం ఆడింది. దాని ప్రతి ఎక్కడుందో ఆయనకే తెలియదు.

"నాకు ఇంకొక్క చిత్రం తీయాలనుంది. అందులో మనుషులు తమ నోటితో తాము మాట్లాడాలి. పెద్దమనిషి గొంతు ఉండకూడదు. అంతే," అన్నాడు ఒకనాడు. ఎనభై దాటిన మనిషి. కెటిల్ ఎత్తితే చెయ్యి వణికేది.

ఈ కథ నాకు ముందే తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు వీలు లేదు.

మన పిల్లలు ఈ దేశానికి వరదలా వచ్చిన యేళ్లవి. ఉదయం బస్సు ఎక్కితే తెలుగు తప్ప వేరే మాట వినబడేది కాదు. వీధిలో ప్రతి ఇంటి బేస్‌మెంట్ నిండింది. మా ఇంటి కింద ఏడుగురు ఆడపిల్లలు ఉండేవారు. పగలు కాలేజీ, సాయంత్రం వేర్‌హౌస్‌లోనో కాఫీ దుకాణంలోనో పని.

నా అల్లుడు దుర్మార్గుడు కాడు. హైదరాబాదు నుంచి అమెరికా మీదుగా వచ్చి, కష్టపడి ఇల్లు కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఉగాది సభలకు ముందుండి ఏర్పాట్లు చేసేవాడు. కాని కిందికి వేడిగాలి పోయే గొట్టానికి ఉన్న తలుపును దాదాపుగా మూసేయించాడు.

"వాళ్లు పొద్దస్తమానం స్టవ్ మీద ఏదో ఒకటి వండుతూనే ఉంటారు కదా మావయ్యగారూ. ఆ వేడి చాలు. కిందికి ఫుల్‌గా వదిలితే పైన పిల్లలు చలికి ఇబ్బంది పడతారు," అన్నాడు. గది హీటర్లు పెట్టుకోవద్దన్నాడు, నిప్పు ప్రమాదమని. అన్నిటికీ ఒక కారణం ఉండేది.

నా మంచం పక్కన నేలలో వేడిగాలి వచ్చే జాలీ ఉంది. దాని గుండా నా పద్యం కిందికి పోయేది. వాళ్ల మాట పైకి వచ్చేది. ఉదయం నేను చదవడం మొదలుపెట్టేసరికి దుప్పటి కోసం గుంజులాట, దగ్గు, వేడినీళ్లు తాగండే అన్న కేక, అన్నీ వినబడేవి. విని నేను గొంతు ఇంకొంచెం పెంచేవాడిని. అల్లుణ్ని ఆ తలుపు తెరిపించమని అడగడానికి నాకు నోరు రాలేదు. అతని ఇంటి వేడిలోనే నేనూ కూర్చున్నాను.

ఆ పిల్లలను బస్‌స్టాప్‌లో పలచని జాకెట్లతో చూసి దర్శకుడు తన చివరి చిత్రం వాళ్ల మీదనే అని నిశ్చయించుకున్నాడు. అనువాదం నన్ను చేయమన్నాడు. అల్లుడు కూడా సంతోషంగా ఒప్పుకున్నాడు. "మన కమ్యూనిటీకి మంచి పేరొస్తుంది మావయ్యగారూ," అన్నాడు.

చిత్రీకరణకు ఆయన ఒక చిన్న కెమెరాతో వచ్చాడు. చెయ్యి వణుకుతుంది కనుక పిల్లల బియ్యం బస్తాను కుర్చీ మీద పెట్టించి, దాని మీద కెమెరాను ఒదిగించాడు.

"చూసినవా, ఇండియా నుంచి మోసుకొచ్చినందుకు సోనామసూరికి సినిమాల ఛాన్స్ దొరికింది!" అంది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన అమ్మాయి. "తాతగారూ, మేకప్ ఏసుకోవాల్నా?"

"నీకెందుకే మేకప్? వేర్‌హౌస్ దుమ్ము ఉందిగా, అదే ఫౌండేషన్," అంది గుడివాడ అమ్మాయి.

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ప్రశ్న నేను తెలుగులో అడగాలి, ఆపైన నోరు మూసుకోవాలి. అక్కడికక్కడ అనువదించకూడదు. "నన్ను ముఖాలు చూడనీ. అర్థం తరువాత కాగితం మీద ఇవ్వు," అన్నాడు. పిల్లలకు ఇంగ్లీషు వచ్చు. అయినా సొంత భాషలోనే మాట్లాడమన్నాడు. ఇంగ్లీషులో అయితే ఇంటర్వ్యూకు వచ్చినట్లు మాట్లాడతారట.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏం చెబుతారు? ఇది ఆయన రాసిచ్చిన ప్రశ్న. కరీంనగర్ అమ్మాయి రెండు చేతులకూ మేజోళ్లు తొడుక్కుని మంచం అంచున కూర్చుని ఉంది.

"ఏం చెప్త? మంచిగనే ఉన్న అని చెప్త. వీడియో కాల్ల జాకెట్ ఇప్పేసి కూసుంట. మా అమ్మకు చలి కనబడొద్దు గద." తల పైకెత్తి జాలీ వైపు చూసింది. "గా మీదికెళ్లి తాతగారి పద్యాలొస్తయి పొద్దుగాల. మంచిగ ఇనొస్తయి. వేడి మాత్రం రాదు. పద్యం దిగినంత సులువుగ హీట్ దిగదు మాకు."

గుడివాడ అమ్మాయి ఆమె మోచేతిని పొడిచింది, పక్కన నేనున్నానని. "ఉండనీ, తాతగారికి తెల్వదా ఏంది?" అంది ఆమె.

దర్శకుడు కెమెరా నుంచి కన్ను తీయలేదు. అర్థం తెలియకుండానే అది ఆయువుపట్టు అని ఆయనకు తెలిసింది.

ఆ కాగితం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. జీవితమంతా ఔచిత్యాన్ని బోధించినవాడిని. ఎవరు, ఎక్కడ, ఎవరి ముందు, ఎంత మాట్లాడాలో ఎరిగి మాట్లాడించడం కవి ధర్మమని చెప్పినవాడిని. వేర్‌హౌస్ దుమ్ము మీది హాస్యాన్ని, మేము పనిని ఆభరణంగా భావిస్తామని మార్చాను. జాకెట్ విప్పే మాటను, అమ్మ ముందు మేము ఎప్పుడూ చిన్నపిల్లలమేనని మార్చాను. ఇక చివరి మాటకు వచ్చేసరికి కలం చాలాసేపు ఆగింది. అల్లుడింటి గుట్టు తెల్లవాళ్ల ముందు పరవడమా? పైగా అందులో నేనూ ఉన్నాను. చివరకు రాశాను: "ఉదయాన పైనుంచి ఒక వృద్ధుని పద్యాలు మా గదిలోకి దిగివస్తాయి. ఈ చలిదేశంలో మాకు అదే వేడి."

రాసి, రెండుసార్లు చదువుకుని, బాగుందనుకున్నాను. ఆ తృప్తిని ఈనాటికీ క్షమించుకోలేను.

దర్శకుడు కాగితం, తెర పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఈ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో వేరే ఏదో ఉంది. కోపం లాంటిది," అన్నాడు.

"అది వినయం. మా పిల్లల ముఖాలు అట్లాగే ఉంటాయి," అన్నాను.

ఎనభై యేళ్లు ముఖాలు చదివిన మనిషి, నా చదువు మీది గౌరవంతో తన కంటిని తోసిరాజన్నాడు. ఆ మాటనే చిత్రానికి ముగింపుగా పెట్టాడు.

ఇంకొక్క అవకాశం మిగిలింది. "అందరికీ వేయడానికి ముందు పిల్లలకు చూపించాలి. ఆ చేపల ఆడవాళ్లకు ముందు చూపలేదు. ఆ తప్పు మళ్లీ చేయను," అన్నాడు ఆయన. వాళ్లకు తీరిక లేదన్నాను. నేను సరిచూశాను కదా అన్నాను. అంతకు ముందురోజే మెట్ల దగ్గర కరీంనగర్ అమ్మాయి, "తాతగారూ, పిక్చర్ మాకు ముందుగాల జూపిస్తరా?" అని అడిగితే, తెర మీద అందరితో కలిసి చూస్తేనే అందమమ్మా అని చెప్పాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం గ్రంథాలయం హాల్లో చిత్రం వేశారు. సగం మంది వీధిలోని తెల్ల ముసలివాళ్లు, సగం మంది తెలుగు కుటుంబాలు. ఏడుగురు పిల్లలూ పని మానుకుని వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. అల్లుడు నా పక్కన, ముందు వరుసలో.

చివరి మాట వచ్చింది. తెర మీద ఆమె గొంతు తెలుగులో "వేడి మాత్రం రాదు" అంటోంది. కింద ఇంగ్లీషు అక్షరాలు అదే మాకు వేడి అంటున్నాయి. వెనకనుంచి ఒక నవ్వు మొదలై టక్కున ఆగిపోయింది. అల్లుడి ముఖం ముందు మాడి, అక్షరాలు చదివిన తరువాత తేరుకుంది. నా వైపు వంగి, "థాంక్స్ మావయ్యగారూ. భలే మేనేజ్ చేశారు," అన్నాడు.

దీపాలు వెలిగాయి. తెల్లవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తెలుగువాళ్లమందరమూ, రెండు భాషలూ తెలిసినవాళ్లమందరమూ, వాళ్లతో పాటు చప్పట్లు కొట్టాం. అందరికీ బేస్‌మెంట్లు ఉన్నాయి.

వీధి చివర ఇంటి ముసలమ్మ కళ్లు తుడుచుకుంటూ పోయి కరీంనగర్ అమ్మాయి చేతులు పట్టుకుంది. ఆ పద్యాలు మిమ్మల్ని వెచ్చగా ఉంచుతున్నాయని వింటే ఎంత హాయిగా ఉందో అంది.

"మేడమ్," అంది ఆ పిల్ల, మర్యాదగానే, "ఐ సెడ్ దేర్ ఈజ్ నో హీట్."

దర్శకుడు పక్కనే ఉన్నాడు. ఆ అమ్మాయి ముఖం చూశాడు. తెర మీద చూసిన ముఖమే అది. తక్కిన మాటలు సరిగ్గా ఉన్నాయా అని మెల్లగా అడిగాడు.

"ఆల్ వెరీ నైస్, సర్. బట్ వీ ఆర్ నాట్ దట్ నైస్."

అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. "తాతగారూ, మా మాట మీకు మీదికి ఇనొస్తది గద? మీకు ఎర్కనే అనుకున్న. ఎర్కుండి గూడ ఏం జేయలేకపోతున్నరేమో, పాపం, అనుకున్న." కోపంగా అని ఉంటే భరించేవాడిని. ఆమె ఆశ్చర్యపోయి అంది.

మరునాడు నేను ఆయన వంటింటికి వెళ్లాను. టీ ఇవ్వలేదు. కిటికీ వైపు తిరిగి అన్నాడు.

"లండన్ పెద్దమనిషికి ఆ ఆడవాళ్ల భాష రాదు. తెలియక చేశాడు. నీకు ఆ భాష వచ్చు. ఆ పిల్లల దగ్గు కూడా నీకు వినబడుతుందని ఆ అమ్మాయి చెప్పింది."

చిత్రం మీదనుంచి నా పేరు తీసేయమని అడిగాను. సిగ్గుతో అడిగానని అప్పుడు అనుకున్నాను. తప్పించుకోవడానికే అడిగాను.

"తీయను," అన్నాడు. "ఆనాడు నేను నా పేరు తీయించుకున్నాను. తీసేసరికి ఆ తప్పు ఎవరిదీ కాకుండా పోయింది. మా పిన్నికి తిట్టడానికైనా ఒక మనిషి మిగల్లేదు. నీ పేరు ఉంటుంది."

తరువాత నాలుగు ఆదివారాలు కరీంనగర్ అమ్మాయి ఆయన బల్ల దగ్గర కూర్చుని ప్రతి మాటనూ తిరిగి చెప్పింది. నేను మా వాకిట్లోంచి వాళ్ల కిటికీ చూసేవాడిని. ఒకసారి ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. వేర్‌హౌస్ దుమ్ము మాట దగ్గరికి వచ్చి ఉంటారు. నాలుగో ఆదివారానికి అనువాదం పూర్తయింది. దాన్ని ఒక చలనచిత్రోత్సవానికి పంపాడు.

కాని ఈలోగా అల్లుడు మొదటి ప్రతిని తెలుగువాళ్ల సంఘం వెబ్‌సైట్‌లో పెట్టేశాడు. గ్రంథాలయంలో చిత్రం వేసిననాడు దర్శకుడే జ్ఞాపకార్థం ఇచ్చిన ప్రతి అది. ఉత్సవం వాళ్లు రెండూ చూశారట. కొత్త దానిలో మొదటి దాని ఆర్ద్రత తగ్గిందనీ, తీసుకోలేకపోతున్నామనీ ఉత్తరం రాశారు. ఆయన దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మూడిళ్ల దూరం నడవడానికి ఆనాడు ఆయనకు చాలాసేపు పట్టింది. అదే ఆయన మా గడప దగ్గరికి రావడం కడసారి. నెల తిరక్కుండా కాల్గరీలో ఉండే ఆయన కూతురు వచ్చి ఆయనను తన ఊళ్లోని వృద్ధాశ్రమానికి తీసుకుపోయింది. రేకు డబ్బాలను లారీలో ఎక్కిస్తుంటే చూశాను. నేను సెలవు చెప్పబోతే, ఆయన తన తండ్రికి చెప్పినట్లు ముఖానికి ఎదురుగా నిలబడి, పెదవులు స్పష్టంగా కదుపుతూ, "గుడ్ బై" అన్నాడు. చెవిటివాడితో మాట్లాడినట్లు.

పిల్లలను అల్లుడు అంతకు ముందే ఖాళీ చేయించాడు. బేస్‌మెంట్‌కు మరమ్మతులని చెప్పాడు. కొందరు ఎటోబికో పోయారు. కరీంనగర్ అమ్మాయి విండ్సర్‌లో ఏదో కాలేజీకి మారిందని గుడివాడ అమ్మాయి చెప్పింది. వెళ్లేనాడు ఆమె మెట్ల మీద ఆగి, "తాతగారూ, పోయొస్త," అని నా కాళ్లకు దండం పెట్టింది. పెట్టకుండా పోయి ఉంటే బాగుండేది. తల మీద చెయ్యి మాత్రం పెట్టాను.

ఆ ఉగాదికి సంఘం వాళ్లు, మన పిల్లల కథను ప్రపంచానికి అందంగా అనువదించినందుకు, నాకు శాలువా కప్పారు. కాదనలేకపోయాను. ముందు వరుసలో కూతురు ఉంది, అల్లుడు ఉన్నాడు. నా ట్రంకుపెట్టెలో అటువంటి శాలువాలు ఇరవైకి పైగా ఉన్నాయని ఇంటికి వచ్చి దాన్ని మడతపెడుతున్నప్పుడు గుర్తుకు వచ్చింది. ఏడుగురు పిల్లలు రెండు శీతకాలాలు నా మంచం కింద వణికినప్పుడు, వాటిలో ఒక్కటి కిందికి పంపాలని నాకు తోచలేదు.

బయట ఇంకా మంచు కరగలేదు. మంచం మీద కూర్చుంటే పాదాలకు జాలీలోంచి రంగు వాసన తగిలింది. కింద గోడలకు రంగులు వేస్తున్నారు.

"నాన్నా, వాసన ఎక్కువైతే హాల్లో పడుకోండి," అంది కూతురు తలుపు దగ్గర నిలబడి. "రెండు రోజులే. పెయింట్ త్వరగా ఆరాలని కిందికి హీట్ పూర్తిగా తెరిపించారు."